వెనిస్ వారిచ్చిన నాలుగు ఓడలు

వెనిస్ నుంచి, మన అర్మేనీ లెక్కన నఖా నెల 12

తాకుహి అక్కకి తమ్ముడు అఘాజార్ రాసేది.

బతికే ఉన్నాను. ఆ మాట ముందు రాస్తే తక్కింది నెమ్మదిగా చదువుతావని రాశాను. నా రాత కోడి కెలికినట్టుందని వెక్కిరించకు. నువ్వు మఠంలో కన్యాస్త్రీల దగ్గర చదువుకున్నావు, నేను ఒంటెల వెనకాల చదువుకున్నాను. ఎవరి బడి వాళ్ళది.

జుల్ఫాలో బయల్దేరి ఎనిమిది నెలలు. ఎర్జురుంలో మంచు, స్మిర్నాలో జ్వరం, ఓడలో వాంతులు. ఇవేవీ నన్ను చంపలేదు. వెనిస్ రేవులో దిగాక మాత్రం చచ్చినంత పనైంది. ప్లేగు ఉన్న దేశాల మీదుగా వచ్చానని నలభై రోజులు ఒక దీవిలో పడేశారు. గొర్రెతోళ్ళ మూటల పక్కన, అక్కా! పర్షియా షా గారి రాయబారిని! "నేను షా గారి ఉత్తరం తెచ్చిన మనిషినయ్యా" అంటే, అక్కడి గుమాస్తా నా పట్టు బేళ్ళకేసి చూసి, "వర్తకుడివా, రాయబారివా? ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

"రెండూను. మా దగ్గర ఒక్క మనిషే రెండు పనులూ చేస్తాడు. మీలాగా ఒక్క పనికి ఇద్దరు కూచోరు" అన్నాను. వాడు నవ్వలేదు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను, కూచుని చదువు. ప్లేగు కాగితాలకి కూడా అంటుకుంటుందట. ఆ గుమాస్తా షా గారి ఉత్తరాన్ని జరీ సంచిలోంచి పటకారుతో తీసి, సీలు పగలగొట్టి, బాల్చీడు సిర్కాలో, పచ్చళ్ళలో పోసే ఆ పుల్లటి నీళ్ళలో, ముంచాడు. నేను వాడి మెడ పట్టుకునేలోపే అయిపోయింది. పైకి తీస్తే సిరా అంతా కరిగి కారిపోయింది. మిగిలింది అంచున బంగారు పువ్వులూ, కింద సగం ముద్రా.

అందులో ఏముందో నాకు తెలీదు. దర్బారులో సీలు వేసి ఇచ్చారు, నేను ముద్దు పెట్టుకుని నెత్తిన పెట్టుకున్నాను, అంతే. ఇక్కడ పర్షియన్ వచ్చిన దుబాసీ ఒకడున్నాడు. కాగితం ఎండలో పట్టి చూసి, "పచ్చడి వాసన తప్ప ఏమీ లేదు" అని చేతులెత్తేశాడు. అప్పుడు వాళ్ళ పెద్దల సభ నన్నడిగింది, "ఇందులో ఏముందో మీకు తెలుసుగా?" అని. తెలీదంటే నేను రాయబారిని కాను, సంచి మోసేవాణ్ణి.

"నోటికి వచ్చు" అన్నాను.

కాబట్టి నువ్వు మీర్జా తాహెర్ దగ్గరకి వెళ్ళు. ఆ ఉత్తరం రాసింది అతనే. నేను జవాబు పంపిన రోజున రాణివాసపు జాబితాలోంచి మన షూషన్ పేరు కొట్టేస్తానని మాటిచ్చిందీ అతనే. చచ్చిపోయిన నా కొడుకు మిగిల్చింది ఆ పిల్లనొక్కదాన్నే. కుట్టుపని బాగుందని ఆ గోడల లోపలికి తీసుకుపోతే మనవరాలి మొహం మళ్ళీ మనం చూడం. దాన్ని చేసుకుంటానన్న పానోస్ ఎంత కాచుకున్నా, జాబితాలో పేరున్నంత కాలం ఏ పాదిరీ దానికి పెళ్ళి చెయ్యడు. వచ్చే ఏడు ద్రాక్షల పండగ దాకానే గడువు. షా గారు ఒకటడిగితే నేను వేరేదానికి జవాబు పంపానా, నా తలా పోతుంది, పిల్ల బతుకూ పోతుంది. ఏమడిగారో కనుక్కో. సిర్కా సంగతి మాత్రం చెప్పకు.

ఇక్కడ అన్నీ చేపలే. మన ఇంటి ఖుబానీ పండ్ల కోసం నాలుక పీకుతోంది.

గొర్రెతోళ్ళ కంపు ఇంకా వదలని
అఘాజార్

*

జుల్ఫా నుంచి, హమీరా నెల 15

ఒరే తమ్ముడూ,

"నోటికి వచ్చు" అన్నావా? నీకు ప్రభువు ప్రార్థనే మధ్యలో తప్పిపోతుంది, పక్కవాడు పెదాలు కదిపితే చూసి అందుకుంటావు. సరే, అన్నావు కాబట్టి ఇక తిట్టి లాభం లేదు. అయినా తిట్టాను, నీకు వినపడేంత గట్టిగానే.

దానిమ్మపళ్ళ బుట్టా, నేను చేసిన గాతా రొట్టెలూ పట్టుకుని వంతెన దాటి ఇస్ఫహాను వెళ్ళి మీర్జా ఇంటి ముందు రెండు రోజులు కూచున్నాను. మూడోరోజు లోపలికి రానిచ్చాడు. తిన్నగా ఎలా అడుగుతాను? "మా తమ్ముడు పెద్దవాడయ్యాడు బాబూ, అంత బరువైన రాయబారం మొయ్యగలడో లేదో, ఏ సంగతి మీద పంపారో" అని నసిగాను.

"అమ్మా, రాయబారి ఉత్తరం మోస్తాడు, చదవడు. దర్బారులో చదువుకున్నవాళ్ళు లేక మీ తమ్ముణ్ణి పంపామా? అతనికి పర్షియన్ చదవడం రాదనే పంపాం" అన్నాడు. రొట్టె మాత్రం తిన్నాడు. రెండోది కూడా.

"పోనీ, చిన్న సంగతా పెద్ద సంగతా?" అన్నాను.

అతను తింటున్నవాడు ఆగాడు. "షా గారికి ఇవాళ ఇంతకన్నా పెద్ద సంగతి లేదు" అని, ఇక లేవమన్నట్టు చూశాడు.

ఇంతే తెలిసింది. నా తలకి తట్టేది యుద్ధం. నువ్వు మాత్రం నోరు మూసుకుని ఉండు. మళ్ళీ ప్రయత్నిస్తాను.

షూషన్ బాగానే ఉంది. రాళ్ళు చెక్కే వాళ్ళ పానోస్ రోజూ మన వీధిలోంచే పోతున్నాడు. వాడి పని చర్చి దగ్గర, మన వీధి దానికి ఎదురు దిక్కు. వాళ్ళమ్మ మాత్రం మొన్న గుమ్మంలో నిలబడి చెప్పింది, "ద్రాక్షల పండగ దాకా చూస్తాం తల్లీ. ఆ తర్వాత మా అబ్బాయికి వేరే పిల్లని చూసుకుంటే తప్పు పట్టకండి" అని. తప్పు పట్టలేదు. తలుపు మాత్రం గట్టిగా వేశాను.

నోరు మూసుకోమని రెండోసారి చెబుతున్న
అక్క

*

వెనిస్ నుంచి, తీరా నెల 20

అక్కకి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఇక రాకపోయినా పర్వాలేదు. పని అయిపోయింది. నాలుగు ఓడలు! యుద్ధపు ఓడలు, ఫిరంగులతో సహా. ఊళ్ళో చెప్పు.

ఎలా సాధించానో విను. సభ పెద్దలు నన్ను మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ ఒకటే ప్రశ్న, "షా గారు ఏం కోరుతున్నారు?" బేరంలో ముందు నోరు తెరిచినవాడు ఓడిపోతాడు, చిన్నప్పటినుంచీ నాకు తెలిసిన చదువు అదొక్కటే. "మీకేది తోస్తే అది ఇవ్వండి" అన్నాను. "మాకేం తెలుసు, మీరే చెప్పండి" అన్నారు. "అబ్బే, మీరే చెప్పండి" అన్నాను. వాళ్ళూ వర్తకులే అక్కా. ఇలా మూడు దర్బారులు నడిచాయి.

ఇక్కడ మన చర్చిలో పాదిరి గ్రిగోర్ ఉన్నాడుగా, అతను విసుక్కున్నాడు. "షావుకారు గారూ, మీ తాతల నాటినుంచీ షాలు ఈ పడమటి ఫ్రాంకుల్ని అడిగేది ఒక్కటే కదా, తుర్కు సుల్తాను మీదకి ఓడలు పంపమని. అదే చెప్పి పారెయ్యరాదా?" నిజమే. షా గారు ఇంకేం అడుగుతారు, రొయ్యలా?

నాలుగో పిలుపుకి వెళ్ళి, "ఓడలు" అన్నాను. అందరిలోకీ పెద్దాయన, ఎర్ర అంగీ ఆసామి, లేచి నా దగ్గరకొచ్చి చెయ్యి చాపాడు. చెయ్యి చాపితే ఏమిటి అర్థం? మన పట్టుబజారులో దానికి ఒక్కటే అర్థం. జేబులోంచి రుమాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాను. పదిమందిలో సంఖ్య పైకి చెప్పడం మర్యాద కాదు కదా. రుమాలు కింద ఆయన చెయ్యి మొత్తం పట్టి నాలుగుసార్లు నొక్కాను. అయిదు నాలుగులు ఇరవై. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఎవడైనా మొదటి ధరకి ఉలిక్కిపడాల్సిందే, లేకపోతే వాడికి బేరం రాదన్నమాట. కాసేపు ఆలోచించి, నా వేళ్ళు నాలుగు, బొటనవేలు వదిలేసి సరిగ్గా నాలుగు, గట్టిగా పట్టుకున్నాడు. నేను తల ఊపాను. ఆయనా ఊపాడు. సభంతా లేచి నిలబడింది. పక్కన ఒక గుమాస్తా చకచకా ఏదో రాసుకున్నాడు.

ఇరవై అడిగితే నాలుగు. మొదటిసారి వచ్చినవాడికి ఇంతకన్నా ఏం తెగుతుంది! మీర్జాకి చెప్పి షూషన్ పేరు కొట్టించు. పానోస్ వాళ్ళమ్మకి కూడా చెప్పు. ముందు ఆవిడకే చెప్పు.

నాలుగు ఓడల
అఘాజార్

*

జుల్ఫా నుంచి, నిర్హాన్ నెల 10

తమ్ముడూ,

చదివాను. మా నాయనే, మా బంగారమే! నోరు మూసుకోమన్న ఉత్తరం నీకు ఆలస్యంగా చేరడం దేవుడి దయ. పానోస్ వాళ్ళమ్మకి ముందే చెప్పాను. ఆవిడ మంచినీళ్ళు అడిగింది. షూషన్ కుట్టుచట్రం పక్కన పెట్టి ఇల్లంతా తిరిగింది. ఇవాళే వంతెన దాటి మీర్జాకి కబురు పెట్టాను, నాలుగు ఓడలని. రేపు జవాబు రాగానే రాసి ఈ ఉత్తరం పంపుతాను.

నిర్హాన్ 18. ఈ కింద రాసేది చదివి కాల్చెయ్యి. అందుకే మన సొంత మనిషి చేత పంపుతున్నాను.

కబురు అందిన గంటలో మీర్జా తాహెర్ తనే వచ్చాడు. గుర్రం మీద, ఒంటరిగా. అంత పెద్దమనిషి ఒక అర్మేనీ ముసలిదాని గదిలోకి రావడం ఇదే మొదలు. గడప దాటుతూనే, "ఏం ఓడలు? ఎవడడిగాడు ఓడలు? ఈ మాట తుర్కు సుల్తాను చెవిన పడితే ఎండాకాలానికల్లా యుద్ధం! ఎంతమందికి చెప్పావు?" అని అరిచాడు. ఒక్క ఆవిడకే చెప్పానన్నాను. ఆవిడ ఎంతమందికి చెప్పి ఉంటుందో నేను అనలేదు, అతను అడగలేదు.

ఇక దాచలేక సిర్కా సంగతి చెప్పేశాను. అతను కుర్చీలో కూలబడ్డాడు. "మరి అందులో ఏముంది బాబూ?" అన్నాను. నేను ఏదో ఒకటి చెయ్యాలని సూదిలో దారం ఎక్కిస్తున్నాను. అతను నన్నే చూస్తున్నాడు. నన్ను కాదు, నా మొహం మీద ఉన్నదాన్ని. లేచి వచ్చి, నా ముక్కు మీంచి కళ్ళద్దాలు తీసి తన అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇదే" అన్నాడు.

నాకు అప్పటికి వెలిగింది. షా గారికి అక్షరాలు ఆనడం లేదురా. వయసు. మనందరికీ వచ్చేదే. కానీ ఆ ఇంట్లో గద్దెకి అడ్డమొచ్చిన అన్నదమ్ముల కళ్ళు తీయిస్తారు, చూపు లేనివాడు షా కాకూడదు గనక. అలాంటి చోట "నాకు కనపడటం లేదు" అని పైకి అంటే ఇంకేమన్నా ఉందా? ఇక్కడి ఫ్రాంకు పాదిరీలని అడిగితే సాయంత్రానికి బజారంతా పాకుతుంది. అందుకని సీలు వేసి, పర్షియన్ చదవడం రానివాడి చేతికిచ్చి, సముద్రాల అవతలకి పంపారు.

అవి నువ్వే ఎప్పుడో పట్టు బేరంలో కొసరుగా తెచ్చి నా మొహాన పడేశావు, గుర్తుందా? మీర్జా వాటిని పట్టుగుడ్డలో చుట్టుకుని పోతూ, "ఓడలు వద్దని మీ తమ్ముడికి రాయి. ఒక్క పడవ కూడా రాకూడదు" అన్నాడు. షూషన్ మాట ఎత్తితే, "ముందు ఇవి పనికొస్తాయో లేదో చూడనీ" అన్నాడు.

ఓడలు వదిలెయ్యి, వెంటనే.

ఏమీ కనపడకుండా రాస్తున్న
అక్క

*

వెనిస్ నుంచి, నిర్హాన్ నెల 25

అక్కకి,

హమీరాలో నువ్వు రాసినది నిన్న అందింది. నోరు మూసుకోమన్న ముక్క వదిలేశాను. "షా గారికి ఇంతకన్నా పెద్ద సంగతి లేదు" అన్నాడా మీర్జా? చూశావా! ఓడలే! నా ఊహ తప్పలేదు.

అయితే వీళ్ళు మాట మీద నిలబడే జాతి కాదు. నాలుగు నెలలుగా ఓడలేవి అని అడుగుతున్నాను. "ఏ ఓడలు?" అంటారు. రుమాలు కింద ఒప్పుకున్నవి అన్నాను. అప్పుడు ఆ గుమాస్తా తన పుస్తకం తెచ్చి చదివాడు. అందులో ఏమని రాసుకున్నారో తెలుసా? "పర్షియా రాయబారి తమ దేశాచారం ప్రకారం పవిత్ర వస్త్రంతో చేతులు కప్పి, శాశ్వత స్నేహానికి నాలుగుసార్లు ప్రమాణం చేశారు. మన పెద్దలు ఆయన చేతిని గౌరవంతో స్పృశించారు." పవిత్ర వస్త్రమట! ఓడలో వాంతి చేసుకుని మొహం తుడుచుకున్న రుమాలు అది!

"బజారులో ఇలా చేస్తే మా ఊళ్ళో కొట్టు మూయిస్తారు" అన్నాను. దుబాసీ దాన్ని ఏమని చెప్పాడో గానీ అందరూ వంగి దణ్ణం పెట్టారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్ళి వాళ్ళ సభ మెట్ల మీద కూచుంటున్నాను. నాకేదో బిరుదు ఇస్తాం, వెళ్ళిపొమ్మంటున్నారు. నాలుగు ఓడలు రేవులో కనపడేదాకా కదలనన్నాను. మనవరాలి బతుకు రా అది, మీ బిరుదెవడిక్కావాలి అని మన భాషలో అన్నాను. పిల్లకి చెప్పు, తాత మెట్ల మీద ఉన్నాడని.

కదలని
అఘాజార్

*

జుల్ఫా నుంచి, నఖా నెల 2

తమ్ముడూ,

అక్షరాలు పెద్దవిగా ఉంటే ఏమనుకోకు, కళ్ళు ఆనక తడుముకుంటూ రాస్తున్నాను.

షూషన్ పేరు కొట్టేశారు. పెళ్ళి కూడా అయిపోయింది. ఈస్టరు వెళ్ళిన మూడోవారం షా గారి ఫర్మానా వచ్చింది, ఆ ఆదివారమే పెళ్ళి చేసేశాను, వాళ్ళు మనసు మార్చుకునే లోపల. పానోస్ వాళ్ళమ్మ పందిట్లో నన్ను కౌగిలించుకుని, "మొదటినుంచీ నేను ఈ పిల్లనే అనుకున్నాను" అంది. నేను ఆవిడ వీపు తట్టాను, కొంచెం గట్టిగా.

ఫర్మానాలో ఏముందో విను. "వెనిస్‌లో షావుకారు అఘాజార్ చేసిన ఘనమైన సేవకి మెచ్చి." అసలు సంగతి రాయలేరు కదా, మరేదో ఒకటి రాయాలి. ఏ సేవ అని ఎవరూ అడగలేదు. చర్చిలో నీ పేరు మీద దీపాలు పెట్టారు. మన ఊరి పెద్ద కలాంతర్ గారు నీ తిరుగురాకకి వంతెన దాకా ఎదురొస్తారట. నిన్న రొట్టెల అంగడిలో ఒకడు నీ రాయబారాన్ని కళ్ళకి కట్టినట్టు చెబుతుంటే నిలబడి విన్నాను. నువ్వు ఆరు భాషల్లో ఉపన్యాసమిచ్చావురా.

ఒక్క సంగతి. నీ రాత నాకు ఇప్పుడు ఒక్క ముక్క ఆనడం లేదు. ఆ వస్తువు తిరిగి రాలేదు, వస్తుందని ఆశా లేదు. నీ ఉత్తరాలు షూషన్ అత్తింటినుంచి వచ్చి చదివి పెడుతుంది. మెట్ల మీద కూచున్న ఉత్తరం అదే చదివింది, చదువుతూ ఏడ్చింది. తాతే తనని విడిపించాడని నమ్ముతోంది. అలాగే నమ్మనీ. నాకేం పోయింది? కాబట్టి ఇక రాసేటప్పుడు చూసుకుని రాయి.

బయల్దేరు. ఖుబానీలు ఎండబెట్టి ఉంచుతాను.

నీ అక్క తాకుహి

*

వెనిస్ నుంచి, దామా నెల 25

అక్కకి,

నిర్హాన్‌దీ, నఖాదీ, నీ ఉత్తరాలు రెండూ ఒకే ఓడలో వచ్చాయి. కాల్చమన్నది కాల్చాను.

సభకి వెళ్ళి, ఓడలు వద్దన్నాను. వాళ్ళ మొహాలు చూడాల్సింది. ఎర్ర అంగీ ఆసామి నా రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. ఇంత శాంతస్వభావుడైన రాయబారిని తాము చూడలేదని మెడలో బంగారు గొలుసు వేశారు. వాళ్ళివ్వని ఓడల్ని నేను తీసుకోనన్నందుకు! పాదిరి గ్రిగోర్ ఆ రోజు ప్రసంగం నా వినయం మీద చేశాడు. నా వినయం, అక్కా. ఎదురు చెప్పలేక కూచున్నాను.

రేపు స్మిర్నా ఓడ ఎక్కుతున్నాను. నీకు ఇక్కడ మళ్ళీ అలాంటివే కొన్నాను. ఈసారి కొసరు కాదు.

నువ్వు చూసుకుని రాయమన్నావు. మూడు రోజులు చూసుకున్నాను. అవి తెచ్చింది నేనే కదా, పేరు నాకొస్తే తప్పేంటని కూడా ఒక కాగితం మీద రాశాను. చించేశాను. నా కొట్లో ఒకరి సరుకు మీద ఇంకొకరి ముద్ర ఎప్పుడూ వెయ్యలేదు. కలాంతర్ ముందూ, వంతెన మీదా నోరు మూసుకుంటాను, షా గారి పని గనక. ఇంట్లో మాత్రం నావల్ల కాదు.

షూషన్, ఇది చదువుతున్నది నువ్వే కదా. ఇక్కణ్ణుంచి నీకు. పానోస్ పక్కన ఉంటే బయటకి పొమ్మను.

మీ తాత సముద్రం దాటి వెళ్ళి, తెలీనిదాన్ని తెలుసని చెప్పి, ఎవరికీ అక్కర్లేనిది అడిగి, ఇవ్వనిదాన్ని ఇచ్చారనుకుని ఎనిమిది నెలలు మెట్ల మీద కూచున్నాడు. నిన్ను విడిపించింది నేను కాదు. మీ తాకుహి అవ్వ. ఆవిడ కళ్ళ మీద ఉన్నది తీసుకుపోతుంటే అడ్డం చెప్పకుండా, నీ మాట ఒక్కటి అడిగి, ఇచ్చేసింది. ఎవరికిచ్చిందని అడక్కు, ఎవరితోనూ అనకు. అప్పటినుంచీ ఆవిడకి నువ్వు కుట్టిన పువ్వు కూడా ఆనడం లేదు, ఆ సంగతి నీకు చెప్పి ఉండదు.

ఇది గట్టిగా చదువు. ఆవిడ వినపడనట్టు మొహం పెట్టి, "ఏమన్నాడూ?" అంటుంది. బాగానే వినపడింది, నాకు తెలుసు.

అయినా మళ్ళీ చదువు.

మీ తాత
అఘాజార్